ఏఎస్ఎం ప్రమోషన్: హైదరాబాద్ సిటీనా, వరంగల్ టెరిటరీనా?

బీట్_బాబు
ఎఫ్ఎంసీజీలో సేల్స్ ఆఫీసర్‌ని. కూకట్‌పల్లి, మియాపూర్, పటాన్‌చెరు లైన్లు చూస్తున్నాను. బిస్కెట్లు, నూడుల్స్, సబ్బులు చేసే మధ్యరకం కంపెనీ. వచ్చే నెల నుంచి ఏరియా సేల్స్ మేనేజర్‌గా వేస్తామంటున్నారు. రెండు చోట్ల ఖాళీ ఉంది. ఒకటి సిటీలోనే: మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, ఉప్పల్, కొంత పాతబస్తీ, వాటితోపాటు బేగంబజార్ హోల్‌సేల్. రెండోది వరంగల్ హెడ్‌క్వార్టర్. కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల, ములుగు, భూపాలపల్లి అన్నీ అందులోకే వస్తాయి.

జీతం రెండింటికీ ఒకటే. సిటీ టెరిటరీ రెండేళ్లుగా మైనస్‌లో ఉంది. వరంగల్ పోయిన ఆర్థిక సంవత్సరం 18 శాతం గ్రోత్. మా ఆర్ఎస్ఎం (రీజినల్ సేల్స్ మేనేజర్) "వరంగల్ తీసుకో, బంగారం లాంటి టెరిటరీ" అంటున్నాడు. ఇల్లు, పిల్లాడి బడి ఇక్కడే. వారంలో చెప్పాలి. ఒకటే టెన్షన్. ఈ లైన్లో ఉన్నవాళ్లు చెప్పండి, మీరైతే ఏది తీసుకుంటారు?

నెలాఖరు_నరకం
అంత బంగారం అయితే అక్కడున్నాయన ఎందుకు వదిలేసి పోయాడో ముందు కనుక్కో.

ఉప్పల్_రైడర్
ప్రమోషన్ వచ్చి ఉంటుంది లెండి. 18 శాతం తెచ్చినవాడికి రాకపోతే ఇంకెవరికొస్తుంది?

నెలాఖరు_నరకం
ప్రమోషన్ వచ్చినవాడు గ్రూపులో మెసేజ్ పెట్టి, స్వీట్లు పంచి పోతాడు. బాబూ, స్వీట్లు వచ్చాయా?

బీట్_బాబు
రాలేదన్నా. వేరే కంపెనీలో చేరాడని విన్నాను. నోటీసు పీరియడ్ కూడా పూర్తిగా చేయలేదట.

హనుమకొండ_బస్సు
అనుమానాలు పక్కన పెట్టి వరంగల్ తీసుకో తమ్ముడూ. నేను టీ పొడి కంపెనీకి అదే ఏరియా చూస్తున్నాను. జిల్లాల్లో పనికి విలువ ఉంటుంది. కొట్టుకి పోతే కుర్చీ వేసి మాట్లాడతారు. సిటీలో కౌంటర్ దగ్గర నిలబెట్టి "రేపు రా" అంటారు.

సీజన్ పట్టుకుంటే చాలు. ఎనుమాముల యార్డుకి పత్తి, మిర్చి రావడం మొదలైతే పల్లె కొట్లలో ఉద్దెర వసూలవుతుంది, పెద్ద ప్యాకులు కదులుతాయి. గోదావరిఖని, మంచిర్యాల వైపు సింగరేణి జీతాలు ఎప్పుడు పడతాయి, దసరా ముందు లాభాల వాటా ఎప్పుడిస్తారు అన్నది చూసుకుని స్కీమ్ పెట్టించుకోవాలి. మేడారం జాతర ఏడాది అయితే ములుగు డిస్ట్రిబ్యూటర్ గోడౌన్లో బిస్కెట్ డబ్బా మిగలదు.

తిరుగుడు ఎక్కువే, కాదనను. కానీ కాజీపేటలో రైలెక్కితే పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల ఒకే దారి. ఉప్పల్ నుంచి పటాన్‌చెరు పోయే టైంలో మంచిర్యాల పోయి ఒక లైన్ కూడా కొట్టొచ్చు.

ఉప్పల్_రైడర్
ఆ చివరి మాట మాత్రం నిజం. సాయంత్రం ఆరుకి ఉప్పల్ రింగు రోడ్డు మీద నిలబడితే టార్గెట్ గుర్తుండదు, ఇల్లు గుర్తుండదు.

సేఠ్_చాయ్
నేను బేగంబజార్ చూసే ఏఎస్ఎంని, వేరే కంపెనీ. సిటీ ఎందుకు మైనస్, వరంగల్ ఎందుకు ప్లస్ అని విడివిడిగా అడుగుతున్నారు అందరూ. రెండిటినీ కలిపి చూడండి.

బేగంబజార్‌లో మా సరుకు కేసు ధర నా డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే ధర కంటే మూడు శాతం తక్కువకి దొరుకుతుంటుంది. అదెట్లా అని కేసుల మీద బ్యాచ్ నంబర్లు రాసుకుని డిపోలో అడిగించాను. సగం బయటి జిల్లాలకి బిల్లయిన సరుకు. జిల్లా డిస్ట్రిబ్యూటర్‌కి క్వార్టర్ స్లాబ్ (మూడు నెలల కొనుగోలు టార్గెట్) కొడితే అదనంగా రెండు, రెండున్నర శాతం వస్తుంది. స్లాబ్ కోసం స్టాక్ ఎత్తుతాడు. అక్కడ అంత అమ్ముడుపోదు. హైదరాబాద్ నుంచి సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చే డీసీఎంలు బోలెడు, కిరాయి చవక. రాత్రికి ఎక్కిస్తే పొద్దున ఉస్మాన్‌గంజ్‌లో దిగుతుంది. సేఠ్ నగదు ఇస్తాడు. ఇక దిల్‌సుఖ్‌నగర్ కిరాణావాడు నా సేల్స్‌మన్ దగ్గర ఎందుకు కొంటాడు? ఆదివారం తప్పితే ఎప్పుడైనా బండేసుకుని బేగంబజార్ పోయి తెచ్చుకుంటాడు.

కాబట్టి బాబూ, నువ్వు చెప్పిన ఆ మైనస్, ఆ ప్లస్ ఒకే సరుకు కావొచ్చు.

హనుమకొండ_బస్సు
ప్రతి జిల్లా డిస్ట్రిబ్యూటరూ దొంగేనా? సిటీ ఏఎస్ఎంలు నంబర్ రాకపోతే మా మీద తోయడం కొత్తేం కాదు. కూకట్‌పల్లిలో మోడ్రన్ ట్రేడ్‌వాళ్లు (సూపర్ మార్కెట్లు) ఎమ్మార్పీ మీద ఎంత తగ్గించి అమ్ముతున్నారో చూడు. కిరాణావాడు అక్కడే కొని తన కొట్లో పెట్టుకుంటున్నాడు. దాన్నీ వరంగల్ ఖాతాలో రాస్తావా?

సేఠ్_చాయ్
అదీ ఉంది. పదినిమిషాల డెలివరీ యాప్‌లు కూడా ఉన్నాయి. వాటికి కంపెనీ నేరుగా బిల్లు చేస్తుంది, ఆ సేల్ కీ అకౌంట్స్ టీంకి పోతుంది, జనరల్ ట్రేడ్ (కిరాణా కొట్లు) చూసే ఏఎస్ఎం టార్గెట్ మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. కానీ బ్యాచ్ నంబర్ అబద్ధం చెప్పదు అన్నా. నీ కంపెనీ గురించి నేనేం అనలేదు.

గోడౌన్_మేస్త్రి
ఇద్దరూ ఏఎస్ఎం వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను డిస్ట్రిబ్యూటర్‌ని. మేం బేగంబజార్‌కి ఎందుకు తోస్తామో లెక్క చెప్తా వినండి.

నెలకి 40 లక్షల వ్యాపారం అనుకో. 5 శాతం మార్జిన్ అంటే 2 లక్షలు. ముగ్గురు సేల్స్‌మన్లకి 54 వేలు, రెండు ఆటోలు డ్రైవర్లతో సహా 50 వేలు, గోడౌన్ కిరాయి 18 వేలు, కంప్యూటర్ ఆపరేటర్ 15 వేలు. మొత్తం 1,37,000. చేతిలో మిగిలేది 63 వేలు, ఏడాదికి 7,56,000. పెట్టుబడి ఎంత? పదిహేను రోజుల స్టాక్ 20 లక్షలు, మార్కెట్లో ఉద్దెర 13 లక్షలు, కంపెనీ నుంచి రావాల్సిన క్లెయిమ్‌లు 3 లక్షలు. 36 లక్షల మీద 21 శాతం. ఫర్వాలేదు, చేసుకోవచ్చు.

ఇప్పుడు నెలాఖరున మీ సార్ వచ్చి "అన్నా, ఈ ఒక్క నెల కాపాడు" అని స్టాక్ 34 లక్షలకి తీసుకెళ్తాడు. స్కీమ్ నేను జేబులోంచి ఇచ్చేస్తా, క్లెయిమ్ మీ ఆఫీసులో మూలుగుతూ 7 లక్షలవుతుంది. ఉద్దెర అంతే ఉంది. పెట్టుబడి 54 లక్షలు, లాభం అదే. 14 శాతం. బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) వడ్డీ తీసేస్తే నాకు మిగిలేది గోడౌన్ తాళం చెవి. చెక్ పాస్ కావాలి, లేకపోతే బౌన్స్, ఆపైన సెక్షన్ 138 అని లీగల్ వాళ్ల ఫోన్. అప్పుడు రెండు శాతం నష్టానికైనా సేఠ్‌కి ఇచ్చి నగదు చేసుకుంటా. ఇందులో దొంగతనం ఏముంది? తోసింది మీరు.

నెలాఖరు_నరకం
ఈ పోస్ట్ ప్రింట్ తీసి ప్రతి రీజినల్ ఆఫీసులో అతికించాలి.

కేపీహెచ్‌బీ_కుర్రాడు
మా ఆఫీసులో అతికిస్తే దాని మీదే "ఈ నెల 110 శాతం" అని ఇంకో కాగితం అతికిస్తారు.

బీట్_బాబు
మేస్త్రి అన్నా, నెలకి 34 లక్షల స్టాక్ అని నాకెలా తెలుస్తుంది? కంపెనీ యాప్‌లో క్లోజింగ్ స్టాక్ (నెలాఖరుకి మిగిలిన సరుకు) 18 రోజులకి సరిపడానే చూపిస్తోంది వరంగల్‌కి.

గోడౌన్_మేస్త్రి
యాప్‌లో మా ఆపరేటర్ ఏం కొడితే అదే కనిపిస్తుంది. మీ సార్ ఫోన్ చేసి "సెకండరీ వేసెయ్" (అంటే మా నుంచి కొట్లకి అమ్మినట్టు) అంటే బిల్లు కొడతాడు, సరుకు గోడౌన్లోనే ఉంటుంది. వచ్చే నెల మొదటి వారంలో సేల్స్ రిటర్న్ వేస్తాడు. గోడౌన్‌కి పోయి కేసులు లెక్కపెట్టుకో. అట్టడుగు వరుసలో ఉన్న తయారీ తేదీ చదువు.

మాజీ_ఏఎస్ఎం
ఆఫీసులో కూర్చుని కూడా కొంత పట్టుకోవచ్చు. సెకండరీ రిపోర్టులో నెల చివరి మూడు రోజుల బిల్లులు విడిగా తీసి చూడు. ఎన్ని కొట్లకి పోయింది, ఒక్కో కొట్టుకి ఎంత. నెలంతా వెయ్యి కొట్లకి బిల్లు కట్ అయ్యి, చివరి మూడు రోజుల్లో ఏడెనిమిది పార్టీలకే మూడో వంతు పోతే అది పల్లె కొట్లకి పోలేదని అర్థం. తర్వాతి నెల ఒకటి నుంచి పది వరకు రిటర్న్‌లు చూడు.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పలేదు. బేస్. పోయిన సంవత్సరం నంబర్ మీదే నీ గ్రోత్ లెక్కేస్తారు. 2025 ఆగస్టు 15న జీఎస్టీ తగ్గిస్తామన్న ప్రకటన వచ్చాక డిస్ట్రిబ్యూటర్లు ఎత్తడం ఆపేశారు. సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి దిగాయి. అప్పుడు కొత్త ఎమ్మార్పీ సరుకుతో గోడౌన్లు నింపారు. అంటే 2026 ఆగస్టు, సెప్టెంబరుల్లో నువ్వేం చేయకపోయినా గ్రోత్ కనిపిస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. అక్టోబరులో అదే మనుషులు తిడతారు.

వరంగల్‌కి ఇంకోటి తోడు. మేడారం జాతర 2026 జనవరి చివర్లో అయింది. జాతర రెండేళ్లకోసారి. టార్గెట్ మాత్రం ఏటా పెరుగుతుంది. 2027 జనవరిలో సమ్మక్క తల్లి లేకుండా ఆ బేస్ మీద గ్రోత్ తేవాలి నువ్వు. ఆ 18 శాతంలో జాతర వాటా ఎంతో అడిగావా?

హనుమకొండ_బస్సు
జాతర పాయింట్ కరెక్టే. మా కంపెనీలో రెండేళ్ల కిందటి నెలతో పోల్చమని పోట్లాడి ఒప్పించుకున్నాం. అడిగితే ఇస్తారు, కానీ చేరకముందే అడగాలి.

ఉప్పల్_రైడర్
ఇదంతా విని ప్రమోషనే వద్దనిపిస్తోంది. సేల్స్ ఆఫీసర్‌గానే హాయి.

వాళ్ళావిడని
మా ఆయన ఏఎస్ఎం. నేను వ్యాపారం గురించి మాట్లాడను, ఇంటి సంగతి చెప్తాను. నెలాఖరు వారం ఆయన ఇంట్లో ఉన్నా లేనట్టే. 30వ తారీకు రాత్రి పదకొండుకి "అన్నా ఇంకో 2 లక్షలు వెయ్యి అన్నా" అని బతిమాలడం మా పాపకి కూడా నోటికొచ్చింది, చాక్లెట్ కావాలంటే అదే టోన్‌లో అడుగుతోంది. ఒకటో తారీకు పొద్దున అందరూ సున్నా నుంచి మొదలు.

జిల్లాలకి వెళ్తే మకాం అక్కడికే మార్చండి. హైదరాబాద్‌లో ఇల్లు పెట్టి వారానికి ఒకసారి వస్తానంటారు, ఆ వారం రెండు వారాలవుతుంది. శనివారం రాత్రి వచ్చి ఆదివారం రివ్యూ కాల్‌లో కూర్చుంటారు.

కేపీహెచ్‌బీ_కుర్రాడు
వదినా, మీ పాపని మా టీంలోకి తీసుకుంటాం. క్లోజింగ్ బాగుంది.

మందుల_బ్యాగు
ఫార్మా నుంచి ఒక మాట. మా రెప్స్ (మెడికల్ రిప్రజెంటేటివ్‌లు) కోసం 1976లో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం వచ్చింది, సెలవులకీ నియామక పత్రానికీ అదే ఆధారంగా ఉండేది. 1994లో సుప్రీంకోర్టు రెప్ పారిశ్రామిక వివాదాల చట్టం కింద వర్క్‌మన్ (కార్మికుడు) కాడని తేల్చింది. మేనేజర్ సంగతి ఇక అడగక్కర్లేదు. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఆ పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. ఏదేమైనా ప్రమోషన్ లెటర్‌లో నోటీసు పీరియడ్ ఎంతకి పెంచుతున్నారో చదువుకో. ఆఫీసర్‌కి ఒక నెల ఉన్నది మేనేజర్‌కి మూడు నెలలు చేసే కంపెనీలు ఉన్నాయి. ఇన్సెంటివ్ గేటు కూడా చూడు. టార్గెట్‌లో 95 శాతం దాటకపోతే సున్నా అని ఉంటే, 94 దగ్గర ఆగిన ప్రతి నెలా నువ్వే మేస్త్రి గారి గోడౌన్ ముందు నిలబడతావు.

గోడౌన్_మేస్త్రి
రానీ. చాయ్ పోస్తా, స్టాక్ తీసుకోను.

పాత_ఆర్ఎస్ఎం
చదువుతున్నాను, ఇక ఆగలేకపోతున్నా. తోయడం పాపం అన్నట్టు మాట్లాడుతున్నారు. గోడౌన్లో సరుకు లేకపోతే సేల్స్‌మన్ ఏం అమ్ముతాడు? నిండా పెట్టుబడి పెట్టడానికి జంకే డిస్ట్రిబ్యూటర్ని కాస్త నెట్టకపోతే సగం లైన్లలో సగం ఐటమ్‌లు ఉండవు. కొత్త ఐటమ్ వస్తే మొదటి నెల నెట్టాల్సిందే. నేను నెట్టాను, మార్కెట్లు పెరిగాయి.

గోడౌన్_మేస్త్రి
సార్, కొత్త ఐటమ్‌కి పది కేసులు ఇస్తే ఎవరూ ఏడవరు. నడిచే ఐటమ్ నెలన్నర సరుకు దించి, నడవనిది దాని మీద కట్టి ఇస్తారు చూడండి, ఏడుపు దానికి. బిస్కెట్‌కి ఆరు నెలల ఆయుష్షు. డిపోలో ఒక నెల, నా దగ్గర రెండు నెలలు కూర్చుంటే కొట్లోకి పోయేది సగం వయసు సరుకు. ఎక్స్‌పైరీ నా దగ్గరికే వెనక్కి వస్తుంది. దాని క్లెయిమ్ పాస్ చేసేటప్పుడు మీరు ట్రాన్స్‌ఫర్ అయిపోయి ఉంటారు.

పాత_ఆర్ఎస్ఎం
ఆ చివరి మాట తగిలింది. క్లెయిమ్ విషయంలో మీ వైపే న్యాయం ఉంది. మిగతాదానికి ఒప్పుకోను.

నెలాఖరు_నరకం
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. ఆర్ఎస్ఎం సగం ఒప్పుకోవడం ఈ వేదికలో ఇదే మొదటిసారి.

బీట్_బాబు
మాజీ అన్న చెప్పినట్టు రిపోర్టు తీయించాను. వరంగల్ టెరిటరీలో ఇద్దరు డిస్ట్రిబ్యూటర్ల దగ్గర చివరి మూడు రోజుల్లో నెల సెకండరీలో 38 శాతం పోయింది. ఏడు పార్టీలకే. తర్వాతి వారం రిటర్న్‌లు కొన్ని ఉన్నాయి, కానీ చాలా వరకు తిరిగి రాలేదు. అంటే సరుకు నిజంగానే ఎక్కడికో పోయింది. మిగతా డిస్ట్రిబ్యూటర్ల లెక్క శుభ్రంగా ఉంది, ములుగు ఆయనది మరీ బాగుంది. అక్కడి సేల్స్ ఆఫీసర్ నాకు తెలిసినవాడే. స్టాక్ 18 రోజులు కాదు, ముప్పై దాటి ఉంటుందన్నాడు. పెండింగ్ క్లెయిమ్‌ల గురించి అడిగితే నవ్వాడు.

సేఠ్_చాయ్
ఆ ఇద్దరి సరుకే నీ బేగంబజార్లో ఉంటుంది. చూసుకో.

హనుమకొండ_బస్సు
ఇద్దరు. టెరిటరీలో మొత్తం ఎంతమంది డిస్ట్రిబ్యూటర్లు? పది పైనే ఉంటారు కదా. ఇద్దరిని చూసి టెరిటరీని వదులుకుంటావా? వాళ్లని సరిచేయడమే కదా మేనేజర్ పని. పైగా అక్కడ కూర్చుంటే కుళాయి నీ చేతిలో ఉంటుంది. సిటీలో కూర్చుంటే కింద బకెట్ పట్టుకోవాలి.

మాజీ_ఏఎస్ఎం
కుళాయి కట్టేస్తే మొదటి క్వార్టర్ మైనస్ 15 వస్తుంది అన్నా. కొత్త ఏఎస్ఎం మొదటి క్వార్టర్ మైనస్ 15. ఎవరు వింటారు అతని కథ? వెళ్లాలనుకుంటే ఒకటే దారి. చేరే రోజు ప్రతి గోడౌన్లో స్టాక్ లెక్కపెట్టి, డిస్ట్రిబ్యూటర్ సంతకంతో కాగితం, పెండింగ్ క్లెయిమ్‌ల జాబితా, రెండూ ఆర్ఎస్ఎంకి, ఫైనాన్స్‌కి మెయిల్. "ఇది నేను తీసుకున్న నాటి పరిస్థితి" అని ఒక లైన్. రెండు నెలలు ప్రైమరీ (కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి అమ్మకం) తగ్గించి స్టాక్ దించుకుంటానని ముందే రాతలో ఒప్పించుకోవాలి. నోటిమాట పనికిరాదు, ఆర్ఎస్ఎం కూడా మారిపోతాడు.

బీట్_బాబు
ఆర్ఎస్ఎంతో మాట్లాడాను. రిపోర్టు చూపించి, వరంగల్ అయితే రెండు నెలలు స్టాక్ కరెక్షన్ కావాలన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఈ రిపోర్టు ఎవరు తీయమన్నారు" అన్నాడు. చివరికి "కరెక్షన్ ఇప్పుడు కష్టం, చూద్దాం" అన్నాడు. సిటీ అయితే బేగంబజార్‌కి వచ్చే బయటి సరుకుని నెలనెలా బ్యాచ్‌ల వారీగా డిపోతో సరిచూసి, ఆ మేరకు పంపినవాళ్ల స్లాబ్ కట్ చేయిస్తానన్నాడు. మెయిల్‌లో పెట్టమన్నాను. పెట్టాడు. సిటీకి ఒప్పుకున్నాను.

నెలాఖరు_నరకం
మెయిల్ పెట్టాడా! నీ ఆర్ఎస్ఎం మంచోడే పాపం.

హనుమకొండ_బస్సు
నాకైతే నచ్చలేదు, కానీ నీ ఇష్టం. ఆ ములుగు డిస్ట్రిబ్యూటర్ నంబర్ పంపు, మా టీ పొడికి మంచి పార్టీ కావాలి.

వాళ్ళావిడని
పిల్లాడి బడి మారదు. అది చాలు.

బీట్_బాబు
ఇక సిటీ ప్రశ్న ఒకటి. నాకు వచ్చిన లైన్లలో చార్మినార్, చాదర్‌ఘాట్ వైపు కూడా కొన్ని ఉన్నాయి. పాత బీట్ ప్లాన్‌లో (సేల్స్‌మన్ ఏ లైన్ ఎప్పుడు తిరగాలన్న లెక్క) పొద్దున తొమ్మిదిన్నరకి మొదలు. ప్రొడక్టివ్ కాల్స్ (ఆర్డర్ వచ్చిన కొట్లు) చాలా తక్కువ వస్తున్నాయి. కారణం ఏమై ఉంటుంది?

సేఠ్_చాయ్
తొమ్మిదిన్నరకి అక్కడ షట్టర్లు మూసి ఉంటాయి, అదే కారణం. ఆ లైన్ మధ్యాహ్నానికి మార్చు, పన్నెండు తర్వాత. పొద్దున అదే సేల్స్‌మన్‌కి మలక్‌పేట ఇవ్వు, గంజ్ పక్క కొట్లు తొందరగా తీస్తారు. శుక్రవారం నమాజ్ వేళ వదిలెయ్. రంజాన్ నెలలో మొత్తం తిరగేసి సాయంత్రం నుంచి రాత్రి వరకు పెట్టుకో, సేల్స్‌మన్‌కి పొద్దున సెలవివ్వు. సేమియా, షర్బత్ అమ్మే కొట్లకి మీ బిస్కెట్ కూడా ఆ నెలలోనే బాగా పోతుంది. డెలివరీ ఆటో మాత్రం మర్నాడు పొద్దున పంపకు, మళ్లీ షట్టర్ ముందే నిలబడుతుంది.